ఇరవై ఎనిమిది రోజుల తరుగు

మొబైల్ డేటా ప్రపంచంలోకెల్లా చౌకగా దొరికే దేశాల్లో మనది ఒకటని ప్రభుత్వమూ కంపెనీలూ చెప్పినప్పుడల్లా ఆధారంగా చూపే లెక్క ఒక్కటే: 2014లో జీబీకి సగటున 269 రూపాయలు ఉన్న ఖర్చు ఇప్పుడు తొమ్మిది రూపాయల దగ్గరికి దిగింది. ఆ లెక్కలో అబద్ధం లేదు. కానీ ఈ దేశంలో ప్రీపెయిడ్ వినియోగదారుడు డేటాను జీబీల లెక్కన కొనుక్కోవడం లేదు, అలా కొనుక్కునే వీలు కంపెనీలు మిగల్చలేదు. ఆయన చేత కొనిపిస్తున్నది వ్యాలిడిటీని, అంటే సిమ్ పనిచేసే రోజుల గడువును. ఆయన కొనని సరుకుకు ధర తగ్గిందని చెప్పి, ఆయన కొనక తప్పని సరుకుకు ధర పెంచుకుంటూ పోవడమే గత కొన్నేళ్లుగా జరుగుతున్న వ్యవహారం.

ఆమధ్య మా ఊరి బస్టాండు ఎదురుగా ఉన్న రీచార్జి దుకాణంలో నా ముందు ఒక పెద్దావిడ నిలబడింది. చేతిలో కీప్యాడ్ ఫోన్, కొంగున ముడివేసిన నోట్లు. "మొన్న అమావాస్య మర్నాడే గదయ్యా వేయించింది, మళ్లీ అమావాస్య కూడా రాలేదు, అప్పుడే అయిపోయిందంటావేంది?" అని అడిగింది. దుకాణంలోని కుర్రవాడు విసుక్కోలేదు. "కంపెనీ నెలంటే ఇరవై ఎనిమిది రోజులే పెద్దమ్మా" అని నెమ్మదిగా చెప్పాడు. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది. గ్యాసు నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్ అన్నీ ఆ సిమ్‌కే ముడిపడి ఉన్నాయి కాబట్టి వేయించకుండా వెళ్లే అవకాశం ఆమెకు లేదు.

ఆమె పంచాంగపు లెక్క సరైనదే. చాంద్రమాసానికైనా ఇరవై తొమ్మిదిన్నర రోజులుంటాయి, కంపెనీల నెల దానికంటే కూడా చిన్నది. ఏడాదికి పన్నెండు నెలలైతే రీచార్జులు పదమూడు. 299 రూపాయల ప్లాన్ వాడే మనిషి ఏటా 3,588కి బదులు 3,887 రూపాయలు కడతాడు. ధాన్యం బస్తాలో ఇలా కోత పెడితే రైతు దాన్ని తరుగు అంటాడు. 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక్కో ముప్పై రోజుల ప్లాన్ అయినా ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీలు ఆ "కనీసం ఒక్కటి" అన్న మాటను అక్షరాలా పాటించాయి, జనం ఎక్కువగా వాడే ప్లాన్లను మాత్రం 28, 56, 84 రోజుల దగ్గరే ఉంచాయి.

జీబీ ధర అన్న కొలమానం ఎలా పనిచేస్తుందో జియో ప్లాన్లలోనే చూడవచ్చు. 2024 జూన్‌లో రోజుకు ఒక జీబీ చొప్పున 28 రోజులకు 209 రూపాయలు. జూలైలో అదే 249 అయింది. 2025 ఆగస్టులో ఆ ప్లాన్ ఆన్‌లైన్‌లో కనబడకుండా పోయింది. ఎయిర్‌టెల్ కూడా అదే రోజుల్లో తన 249 ప్లాన్‌ను ఎత్తేసింది. జియోలో 28 రోజులూ రోజువారీ డేటా కావాలనుకునే వాడికి ఆ తరువాతి మెట్టు రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 299 రూపాయల ప్లాన్. అంటే పద్నాలుగు నెలల్లో అతని ఖర్చు 43 శాతం పెరిగింది, ఏడాదికి 1,170 రూపాయలు అదనం. ఇప్పుడు జీబీ లెక్క తీయండి: 209ని 28 జీబీలతో భాగిస్తే ఏడు రూపాయల నలభై ఆరు పైసలు, 299ని 42 జీబీలతో భాగిస్తే ఏడు రూపాయల పన్నెండు పైసలు. కాగితం మీద డేటా చౌకైంది! రోజూ అర్ధరాత్రి రద్దయ్యే ఆ అదనపు కోటా అతనికి అవసరమా కాదా అన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా రాదు. నెలకు ఎనిమిది జీబీలు మాత్రమే వాడేవాడికి జీబీ ధర 37 రూపాయలు దాటుతుంది. జాతీయ సగటు తొమ్మిది రూపాయలని అతనికి చెప్పి ప్రయోజనం లేదు.

ఇంతకంటే బలమైన సాక్ష్యం కంపెనీలే స్వయంగా ఇచ్చాయి. డేటా అక్కరలేని వారికి కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు తేవాలని ట్రాయ్ 2024 డిసెంబరు 23న నిబంధనలు జారీ చేసింది. ఆ మరుసటి నెలలో ఎయిర్‌టెల్ తన 1,999 రూపాయల ఏడాది ప్లాన్‌లోంచి 24 జీబీల డేటా తీసేసి, ధర 1,959గా నిర్ణయించింది. 84 రోజుల ప్లాన్‌లోంచి ఆరు జీబీలు తీసేసి 509ని 499 చేసింది. రెండు చోట్లా లెక్క ఒక్కటే, జీబీకి రూపాయి అరవై ఏడు పైసలు. అదే సమయంలో అదే కంపెనీ దగ్గర కోటా అయిపోయినవాడు ఒక రోజుకు ఒక జీబీ టాపప్ వేయించుకుంటే 22 రూపాయలు. వినియోగదారుడు వద్దన్నప్పుడు జీబీ విలువ రెండు రూపాయలు కూడా కాదు, కావాలన్నప్పుడు దానికి పదమూడు రెట్లు. ఈ ప్లాన్లను పరిశీలిస్తామని ట్రాయ్ ఒక్క మాట అనగానే 1,959 కాస్తా 1,849కి, 499 కాస్తా 469కి దిగాయి, జియో కూడా తన 458 రూపాయల వాయిస్ ప్లాన్‌ను 448 చేసింది. నియంత్రణ సంస్థ ఒకసారి కన్నెత్తి చూస్తేనే 110 రూపాయలు తగ్గే ధరను ఖర్చుల ఆధారంగా వేసిన ధరని నేను నమ్మలేను.

కంపెనీల వాదనలో పస లేకపోలేదు. 2022 వేలంలో స్పెక్ట్రమ్ కోసం జియో ఒక్కటే 88 వేల కోట్ల రూపాయలకు పైగా వెచ్చించింది, లైసెన్సు ఫీజు భారం అదనం, 5జీ టవర్లు ఊరికే లేవవు. ధరలు ఎన్నటికీ పెరగకూడదని ఎవరూ అనడం లేదు. పెంచదలిస్తే పెంచామని చెప్పి పెంచాలి, కింది మెట్టు తీసేసి పై మెట్టును చౌక అనకూడదు. ఇవే కంపెనీలు తమ వాటాదారులకు నివేదించేటప్పుడు జీబీ ధరను ముందుకు తేవు, ఒక్కో వినియోగదారుడి నుంచి నెలకు వచ్చే సగటు ఆదాయం చెబుతాయి. 2024 ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో ఎయిర్‌టెల్‌కు అది 211 రూపాయలు, ఏడాది తిరిగేసరికి 250. జియోకు దాదాపు 182 నుంచి దాదాపు 209. వాటాదారుడికి చెప్పేదే అసలు కొలత.

ఈ ధైర్యం ఎక్కడిదో తెలియనిది కాదు. 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా అనగానే మిగతా కంపెనీలన్నీ నిమిషం లెక్క వదిలి సెకన్ల లెక్కకు దిగాయి, ఎందుకంటే దిగకపోతే వెళ్లిపోవడానికి వినియోగదారుడికి నాలుగు దారులున్నాయి. తరువాత టెలినార్, ఎయిర్‌సెల్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ (ఆర్‌కామ్), డొకొమో ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి, వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. ఇప్పుడు ప్రతి నాలుగు మొబైల్ కనెక్షన్లలో దాదాపు మూడు రెండు కంపెనీల చేతిలోనే ఉన్నాయి. 2024 జూలై పెంపు తరువాత ఒక్క నెలలోనే బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది కొత్త చందాదారులు చేరారంటే జనం ఎంతగా వేరే దారి వెతికారో అర్థమవుతుంది. కానీ ఆ సంస్థ స్వదేశీ 4జీని దేశమంతటా ప్రారంభించేసరికి 2025 సెప్టెంబరు 27 వచ్చింది.

నా దృష్టిలో ఇది టెలికాం ధరల గొడవగా మాత్రమే చూడవలసినది కాదు, కొలత ఎవరి చేతిలో ఉండాలన్న పాత తగాదా. సోల, తవ్వ, మానిక, కుంచం చెలామణీలో ఉన్న కాలంలో కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఒక కుంచం వాడే వర్తకుణ్ణి ఊరు ఊరంతా నిలదీసేది. తూనికలు కొలతల శాఖ పుట్టింది ఆ మోసాన్ని అరికట్టడానికే. ఈనాడు ధాన్యం కొనుగోలు కేంద్రంలో బస్తాకు రెండు కిలోల తరుగు ఎక్కువ తీస్తే రైతు రోడ్డు మీద ధాన్యం పోసి నిలదీస్తాడు. ప్యాకెట్ సరుకుల మీద గ్రాముకో కిలోకో ధర విడిగా ముద్రించాలన్న నిబంధన ఇప్పుడు అమల్లో ఉంది, బిస్కెట్ ప్యాకెట్ బరువు తగ్గించి పాత ధరకే అమ్మినా ఆ చిన్న అంకె చూస్తే విషయం బయటపడుతుంది. కోట్ల మంది నెల నెలా డబ్బు కట్టే రీచార్జికి మాత్రం అలాంటి అంకె ఏదీ లేదు.

అందుకే అడగవలసినవి మూడు. ప్రతి ప్లాన్ మీద రోజుకు ఎంత పడుతుందో, పన్నులతో కలిపి ఏడాదికి ఎంత అవుతుందో ముద్రించాలి. కనీస ప్లాన్‌ను ఎత్తేసేముందు ట్రాయ్ అనుమతి తప్పనిసరి చేయాలి. వాడని రోజువారీ కోటా గడువు ముగిసేదాకా నిలిచి ఉండాలి. ధరలను కంపెనీల ఇష్టానికే వదిలేసే విధానాన్ని ట్రాయ్ రెండు దశాబ్దాలకు పైగా పాటిస్తోంది. పోటీ పది కంపెనీల మధ్య ఉన్న రోజుల్లో అది తగిన విధానమే. దాన్ని మార్చడానికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కరలేదు. ధరలు నిర్ణయిస్తూ ఉత్తర్వు ఇచ్చే అధికారం 1997 నాటి ట్రాయ్ చట్టంలోని 11(2) సెక్షన్‌లోనే ఉంది.