అంతరిక్షంలో గ్యారుకేం పని అంటున్నవాళ్లకు

మా పిన్ని కొడుకు మొన్న ఒక మెసేజ్ పంపాడు. ఇదే మెసేజ్ నాకు రావడం ఈ నెలలో నాలుగోసారి. 2025లో వచ్చిన ‘మిల్కీ సబ్‌వే’ అనే జపాన్ అనిమే సిరీస్ చూసి ఎవరో కోపంలో రాసినట్టుంది. అప్పటినుంచి అనిమే, అంటే జపాన్ యానిమేషన్, చూసేవాళ్ల ఫోన్లన్నీ తిరుగుతోంది. సారాంశం ఇదీ:

“పాత అంతరిక్ష అనిమే అంటే యమటో, గుండమ్. మగవాళ్ల యుద్ధాలు, గంభీరమైన కథలు. ఇప్పుడు గ్యారు పిల్లల్ని రాకెట్ ఎక్కించి, పైన ఒక ఫిల్టర్ వేసి రెట్రో అంటున్నారు. గ్యారు అంటే అమెరికా పిచ్చి పట్టిన పిల్లలు, అంతే. వసపిట్టల్లా వాగే అమ్మాయిలతో సాహస కథ నడవదు. వెనకటికి ఒకసారి తీసి చేతులు కాల్చుకున్నారు కూడా.”

గ్యారు అంటే తెలియనివాళ్లకు ఒక ముక్క. మన ‘గారు’కి దీనికి చుట్టరికం లేదు. ఇంగ్లీషు ‘గ్యాల్’ జపాన్ నోట్లో పడి గ్యారు అయింది. రంగేసిన జుట్టు, దట్టమైన మేకప్, నదురూబెదురూ లేని మాట, ఇదీ వాళ్ల గుర్తు. టోక్యోలో షిబుయా వాళ్ల అడ్డా.

మొదటి ఆరోపణలో యమటో సంగతి నిజమే. 1974 అక్టోబరులో టీవీలో మొదలైన ఆ సిరీస్‌లో అంతరిక్ష ఓడ నిండా మగవాళ్లే. చెప్పుకోదగ్గ ఆడపాత్ర మోరి యుకి ఒక్కతే. రాడార్ చూసేదీ ఆమే, నర్సు పని చేసేదీ ఆమే. ఇంతవరకూ మెసేజ్ రాసినాయనతో నాకు గొడవ లేదు.

అయితే ఆయన గుండమ్ పేరు కూడా ఎత్తాడు. గుండమ్ టీవీలో మొదలైంది 1979 ఏప్రిల్‌లో. అదే నెలలో షిబుయాలో ‘109’ అనే షాపింగ్ బిల్డింగ్ తెరిచారు. తర్వాతి రోజుల్లో గ్యారులకు గుడిలాంటిదైంది అదే. మే నెలలో సవాదా కెంజి ‘ఓ! గ్యారు’ అని పాట విడుదల చేశాడు. అంటే ఆ మాట అప్పటికే ఊరంతా నలుగుతోంది. అదే ఏడాది ‘ఎస్ఎఫ్ మ్యాగజైన్’లో తకచిహొ హరుకా అనే రచయిత ఇద్దరు అమ్మాయిల కథ ఒకటి వేశాడు. పేరు ‘డర్టీ పెయిర్ మహా సాహసం’. 1980లో దానికి సెయిఉన్ అవార్డు వచ్చింది. జపాన్ సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఓట్లేసి ఇచ్చే అవార్డు అది. గుండమ్‌ను పాత కాలం అని లెక్కేస్తే ఈ అమ్మాయిలూ ఆ కాలం వాళ్లే. వయసులో నెలల తేడా.

ఆ ఇద్దరి పేర్లు కెయ్, యూరి. ఇరవై రెండో శతాబ్దంలో ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూఏ’ అనే సంస్థకు సమస్యలు తీర్చే ఏజెంట్లు. ఆఫీసు పెట్టిన పేరు ‘లవ్లీ ఏంజెల్స్’. జనం పిలిచేది ‘డర్టీ పెయిర్’ అని. ఎందుకంటే వాళ్లు ఏ గ్రహానికి వెళ్తే ఆ గ్రహం మీద ఏదో ఒకటి పేలిపోతుంది. విచారణ జరిగిన ప్రతిసారీ తప్పు వాళ్లది కాదనే తేలుతుంది. ఆ పేరు చెవిన పడితే మాత్రం ఇద్దరికీ ఒళ్లు మండుతుంది.

ఈ పేరు వెనక కథ నాకు భలే ఇష్టం. డెబ్బైల చివర జపాన్‌లో జాకీ సాతో, మాకి ఉఎదా అనే ఇద్దరు మహిళా రెజ్లర్లు ‘బ్యూటీ పెయిర్’ పేరుతో ఊపేస్తున్నారు. స్కూలు పిల్లలు వెర్రెత్తిపోయి స్టేడియాలకు పరిగెత్తేవారు. ఆస్ట్రేలియా సైన్స్ ఫిక్షన్ రచయిత బెర్ట్రమ్ చాండ్లర్ జపాన్ వచ్చినప్పుడు తకచిహొ బృందం ఆయన్ని ఆ కుస్తీ చూడటానికి తీసుకెళ్లింది. వెంట వాళ్ల స్టూడియో అమ్మాయిలు ఇద్దరున్నారు. రింగులో ఉన్నది బ్యూటీ పెయిర్ అయితే మీ పక్కనున్నది డర్టీ పెయిర్ అని ఆయన ఆటపట్టించాడట. పేరు అతుక్కుపోయింది. ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూఏ’ కూడా ఆ మహిళా రెజ్లింగ్ టైటిల్ నుంచి ఎత్తుకొచ్చిందే. అంటే అంతరిక్ష సాహసంలో ఆడజట్టు అనేది నిన్న మొన్న ఎవరో మార్కెటింగ్ మీటింగులో పుట్టించింది కాదు. కుస్తీ రింగు నుంచి వచ్చింది.

కెయ్, యూరి గ్యారులేనా అంటే, ఇప్పుడు మనమనే అర్థంలో కాదు. గోధుమరంగు జుట్టు, లూజ్ సాక్స్ స్కూలు పిల్లలు తొంభైల్లో వచ్చారు. కానీ తకచిహొ ఆ కథల్ని ఎవరి నోట చెప్పించాడో చూడండి. కెయ్ నోట. ‘అతాషి’ (అమ్మాయిల వాడుకలో ‘నేను’) అంటూ, నడివీధిలో స్నేహితురాలితో కబుర్లు చెప్పినట్టు, మధ్యలో యూరి మీద చాడీలు చెబుతూ. మిల్కీ సబ్‌వేలో వినిపించేదీ ఆ గొంతే. బట్టలు వేరు, దశాబ్దం వేరు, గొంతు ఒకటే.

ఇక “అమెరికా పిచ్చి”. మాట ఇంగ్లీషుది, కాదనను. ఒంటికి ఎండ రంగు పట్టించుకోవడంలో కాలిఫోర్నియా ఛాయలూ ఉన్నాయి. కానీ ఆ ఏడాది జనం నోళ్లలో బాగా నలిగిన మాటలకు జపాన్‌లో ఇచ్చే అవార్డు ఉంది, 1996లో దాని టాప్ టెన్‌లో ఏమున్నాయో చూడండి. ‘అమురా’, అంటే పాటగత్తె అమురొ నమిఎ లాగా తయారయ్యే అమ్మాయిలు. ఆమెది అమెరికా కాదు, జపాన్‌లోని ఒకినావా. ‘లూజ్ సాక్స్’, పిక్కల మీద కుచ్చిళ్లుగా జారే తెల్ల మేజోళ్లు. అవి పూర్తిగా జారిపోకుండా కాలికి రాసుకునే జిగురు ఉండేది, బుల్లి సీసాలో, రోల్ ఆన్ లాంటిది. స్కూలు యూనిఫాం పెద్దవాళ్లు పెట్టిందే, దాన్ని ఎలా వేసుకోవాలన్నది మాత్రం వీళ్ల ఇష్టం. మూడోది ‘చొబెరిబా’. ‘చో’ అంటే జపనీసులో ‘మహా’. దానికి ‘వెరీ బ్యాడ్’ తగిలించి నలిపితే వచ్చిన మాట ఇది. ఏ అమెరికన్‌కు వినిపించినా అర్థం కాదు. ఇంగ్లీషును ఇంతలా పిండికొట్టి తమ మాటగా చేసుకున్నవాళ్లను పిచ్చి పట్టినవాళ్లంటే ఎలా? బస్సు, కాఫీ అనే మనకు ఎంత అమెరికా పిచ్చి ఉందో వాళ్లకూ అంతే.

పేజర్ సంగతి ఇంకా బాగుంటుంది. ఆఫీసు ఉద్యోగుల కోసం తయారైన పరికరం అది. ఫలానా నంబరుకు ఫోన్ చెయ్యి అని చూపించడమే దాని పని. స్కూలు పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకుని అంకెలతో కబుర్లు మొదలుపెట్టారు. 0840 అంటే ‘ఒహయో’, శుభోదయం. 14106 అంటే ‘అయిషితెరు’, నువ్వంటే ప్రేమ. అంకెల జపనీస్ ఉచ్చారణల్ని ముక్కలు చేసి అతికించడమే కిటుకు. పబ్లిక్ ఫోన్ ముందు నిలబడి ఆ అంకెల్ని కళ్లు మూసుకుని టకటకా కొట్టేసిన పిల్లను అంతరిక్ష నౌక కంట్రోల్ ప్యానెల్ ముందు కూర్చోబెడితే నమ్మలేమా? నేనైతే ముందు ఆమెకే తాళాలిస్తాను.

“పైన ఒక ఫిల్టర్ వేసి రెట్రో అంటున్నారు.” ఈ మాట సగం మందికి నిజమనే అనిపిస్తుంది, కాబట్టి కాస్త నిలబడి చూద్దాం. పాత అనిమే ఆ తీరుగా ఉండటానికి కారణం దాని తయారీ. పారదర్శకమైన షీటు, దాన్నే సెల్ అంటారు. గీతలు షీటుకు ముందువైపు, రంగు వెనకవైపు. అందుకే ముందు నుంచి చూస్తే బ్రష్ చారలు కనబడవు, రంగు అద్దంలా చదునుగా ఉంటుంది. సీసాలో ఉన్న రంగులే గతి కాబట్టి నీడ అంటే ఒకే ఒక్క ముదురు ఛాయ, అంచు కత్తితో కోసినట్టు. జుట్టు మీద మెరుపు ఒక తెల్లని పట్టీ. సెకనుకు 24 ఫ్రేములైనా టీవీకి అన్ని బొమ్మలు గీసే డబ్బుండేది కాదు, ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపేవారు. అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలు. అందుకే ఆ రోజుల్లో పాత్ర నిలబడే తీరుకు అంత విలువ. కదలికలో దాచుకోవడానికి వీల్లేదు మరి.

లేజర్ కాంతి ఎలా పుట్టేదో తెలిస్తే ముచ్చటేస్తుంది. మామూలు బొమ్మను ఒకసారి ఫిల్మ్ మీద తీస్తారు. ఫిల్మ్‌ను వెనక్కి తిప్పుతారు. ఈసారి కెమెరా కింద నల్లటి షీటు పెడతారు, లేజర్ ఉండాల్సిన చోట మాత్రమే సందు. కింద నుంచి దీపం వెలిగించి అదే ఫిల్మ్ మీద మళ్లీ తీస్తారు. తెర మీద అది రంగులా కాదు, నిజంగా వెలుగులా మండుతుంది, ఎందుకంటే అది నిజంగా వెలుగే.

తొంభైల చివర్లో స్టూడియోలు కంప్యూటర్లకు మారాయి. ‘సజాఎ-సాన్’ అనే టీవీ అనిమే ఒక్కటే 2013 దాకా సెల్‌ను వదల్లేదు. కాబట్టి ఇవాళ రెట్రో చేసేవాళ్లకు ఆ సీసాలు, ఆ ఫిల్మ్, ఆ దీపం ఏవీ లేవు. వాళ్లు తెచ్చుకునేది ఆ హద్దుల్ని. రంగులు లక్షలున్నా తక్కువే వాడటం, నీడకు ఒకే మెట్టు ఉంచడం, కదిలించగలిగీ ఆపడం. ఇది గీసేటప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం. మామూలుగా గీసేసి చివర్లో మరకలు, గీతలు చల్లితే రెట్రో రాదు, మురికి వస్తుంది. అలాంటివీ ఉన్నాయి, నేను చూశాను, వాటిని తిడితే నాకు అభ్యంతరం లేదు.

మిల్కీ సబ్‌వే విషయానికొస్తే అసలు చేత్తో గీసిన బొమ్మే కాదది, త్రీడీ. పాతదనం రూపంలో కన్నా ఊహలో ఉంది. గ్రహాల మధ్య తిరిగే రైలు. ‘గెలాక్సీ ఎక్స్‌ప్రెస్ 999’ 1978 సెప్టెంబరులో టీవీ ఎక్కిన దగ్గర్నుంచీ జపాన్ పిల్లలకు అంతరిక్షం అంటే రైలు కూడా. మిల్కీ సబ్‌వే థీమ్ పాట ‘గింగాకెయ్ మదె తొందె ఇకె!’, పాలపుంత దాకా ఎగిరిపో అని. పాడింది క్యాండీస్ అనే ముగ్గురు అమ్మాయిల బృందం. మళ్లీ మామూలు ఆడపిల్లలమైపోతాం అని చెప్పి 1978 ఏప్రిల్ 4న వాళ్లు ఆఖరి కచేరీ చేసి సెలవు తీసుకున్నారు. ఆ గొంతులు ఇన్నేళ్ల తర్వాత ఈ రైలుకు తోడొచ్చాయి. ఏ ఫిల్టర్ తీసేస్తే ఇది పోతుంది?

“వసపిట్టల్లా వాగే అమ్మాయిలతో సాహస కథ నడవదు.” మిల్కీ సబ్‌వే ఎపిసోడ్ ఒక్కోటి మూడున్నర నిమిషాలు, మొత్తం పన్నెండు. చిహరు, మకినా అనే ఇద్దరు స్నేహితురాళ్లు అంతరిక్షంలో ట్రాఫిక్ రూల్స్ తప్పి పోలీసులకు దొరుకుతారు. చిహరు శరీరం బలపరిచిన మనిషి, మకినా సైబోర్గ్, అంటే ఒంట్లో యంత్రాలున్న మనిషి. శిక్షగా రైలు శుభ్రం చేయమంటారు. వాళ్లలాగే దొరికిన మరికొందరు తోడు. రైలు కాస్తా తనంతట తానే బయల్దేరిపోతుంది. మూడున్నర నిమిషాల్లో పాత్రల్ని పరిచయం చేసి, ప్రమాదం తెచ్చి, నవ్వించాలంటే మాటే దిక్కు. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది, వాక్యం సగంలో ఆగిపోతుంది, ప్రమాదం ముంచుకొస్తుంటే కూడా పనికిరాని విషయం మీద వాదన. ఎవరు పిరికి, ఎవరు మొండి, ఎవరికి ఎవరంటే ప్రాణం అన్నవన్నీ ఆ వాగుడులోనే తెలుస్తాయి. వాగుడు తీసేస్తే ఇక్కడ కథే లేదు. దర్శకుడు కమెయామా యోహెయ్ ఈ ఇద్దరితో 2022లోనే ‘మిల్కీ హైవే’ అనే పొట్టి సినిమా చేశాడు. అందులోనూ ఉన్నదంతా కారులో కబుర్లే.

తెలుగు డబ్బింగ్ రోజులివి. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ అనిమే సినిమా మన థియేటర్లలో తెలుగులో ఆడింది. కత్తి యుద్ధాల తెలుగు మనవాళ్లకు కొట్టినపిండి. చిహరు, మకినా నోట మాత్రం “నీవు ఏమి చేయుచున్నావు” అని పెడితే చచ్చిపోతారు. “ఏయ్ పోవే”, “అబ్బా ఛా” అనే గొంతు కావాలి.

చివరిది, “చేతులు కాల్చుకున్నారు”. డర్టీ పెయిర్ టీవీ సిరీస్ 1985 జూలైలో మొదలై డిసెంబరులో ఆగిపోయింది. 26 ఎపిసోడ్లకు 24 మాత్రమే టీవీలో వచ్చాయి, అదీ నిజమే. మిగతా రెండూ 1987లో వీడియోగా వచ్చాయి. ఇవి కాక పది భాగాల వీడియో సిరీస్, ఒక సినిమా, 1994లో పాత్రల్ని కొత్తగా మలిచిన ‘డర్టీ పెయిర్ ఫ్లాష్’. కాలిన చేతులతో ఎవరూ అన్నిసార్లు పొయ్యిలో చెయ్యి పెట్టరు.

ఇంత రాశాక నిజాయితీగా ఒకటి చెప్పాలి. కెయ్, యూరి వేసుకునే యూనిఫాం చూడండి. గ్రహాలు పేలిపోయే ఉద్యోగానికి ఆ ఈతబట్టలేమిటి? అవి వాళ్లు ఎంచుకున్నవి కావు, చూసే మగవాళ్ల కోసం మగవాళ్లు గీసినవి. షిబుయా పిల్ల తన గోళ్లకు తానే రంగేసుకుంది, వీళ్లకు ఆ వీలు లేదు. ఈ ఇద్దరంటే నాకెంత ఇష్టమున్నా ఆ ఒక్క విషయంలో నా దగ్గర జవాబు లేదు. మెసేజ్ మొత్తం రెండోసారి చదివాను. ఈ సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు.