లంక ఓటరు చైనా కోసం ఓటేయలేదు
2024లో శ్రీలంక అధ్యక్షుడిగా అనుర కుమార దిసనాయకె గెలవడం చైనా గెలుపనీ, మన ఓటమనీ ఒక వ్యాసంలో రాశారు, నేను అస్సలు ఒప్పుకోను. 2022లో అక్కడి జనం పెట్రోలు కోసం, గ్యాస్ కోసం రోజుల తరబడి క్యూల్లో నిలబడ్డారు, మందులు దొరక్క అల్లాడారు, చివరికి అప్పటి అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం వదిలి పారిపోయాడు. 2019లో మూడు శాతం ఓట్లే వచ్చిన దిసనాయకెను గెలిపించింది ఆ కోపమే. అదీ తొలి లెక్కింపులో ఎవరికీ సగం దాటక, రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాక. ఆ ఆదివారం ఇక్కడ వైజాగ్‌లో ఫలితాలు చూద్దామని టీవీ పెడితే మనవాళ్లు చైనా కంపెనీకి లంక లీజుకిచ్చిన హంబన్‌టోట పోర్టు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు, అక్కడి మనుషుల బాధ మనకు పట్టదా? అదే ఏడాది నవంబరు పార్లమెంటు ఎన్నికల్లో తమిళులు ఎక్కువగా ఉండే జాఫ్నా జిల్లాలో కూడా ఆయన కూటమే ముందుంది. వాళ్లు కూడా చైనాకే ఓటేశారంటారా?