మా కొల్లూరు రుచుల ఘన చరిత్ర (పోయిన దసరా నుంచి నేటి వరకు)

మా ప్రాంతానికి ఆహార సంస్కృతి వచ్చింది. ఎప్పుడొచ్చిందంటే తేదీ చెప్పలేను గానీ పోయిన దసరాకి లేదు, సంక్రాంతికల్లా వచ్చేసింది. అంతకుముందు కూడా ఇక్కడ మనుషులుండేవాళ్ళు, రెండు పూటలా ఏదో ఒకటి తినేవాళ్ళు, సాయంత్రమైతే తాగేవాళ్ళు కూడా. కానీ దాన్ని సంస్కృతి అనాలని తెలియక, అన్నం తింటున్నాం, కల్లు తాగుతున్నాం అనుకుంటూ కాలం వెళ్ళదీశారు. పాపం.

నేనుండేది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, కొల్లూరు వైపు. చార్మినార్ నుంచి ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఇక్కడ ఫ్లాట్ కొంటున్నానని చెప్పినప్పుడు మా బావమరిది "అక్కడ పాలపాకెట్టన్నా దొరుకుతదా బావా" అని అడిగాడు. ఇప్పుడు కూడా పాలపాకెట్టుకి పది నిమిషాలు నడవాలి, అది వేరే సంగతి. కొరియన్ నూడుల్స్‌కి మాత్రం లిఫ్టు దిగితే చాలు.

ఇంత పెద్ద మార్పు వచ్చాక దాన్ని రాసిపెట్టేవాళ్ళు ఉండాలి కదా. ఆ కొరత మాకు లేదు. మా టవర్ లిఫ్టులో నలుగురు ఎక్కితే అందులో ఇద్దరు ఫుడ్ రైటర్లు, ఒకరు ఫుడ్ రైటర్ భర్త, మిగిలినాయన ఫుడ్ డెలివరీ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి. వీళ్ళందరిలో తెలుగులో రాసేది నేనొక్కణ్ణే అని ఎవరో చెప్పారట, మా అసోసియేషన్ సెక్రటరీ గారు ఉగాది సంచిక కోసం నన్ను పట్టుకున్నారు. "మన ఏరియా ఫుడ్ హెరిటేజ్ మీద మంచి వ్యాసం కావాలి సార్." మన ఏరియాలో అన్నిటికంటే పాత హోటల్ లాక్‌డౌన్ తర్వాత పెట్టింది కదండీ, హెరిటేజ్ ఎక్కణ్ణుంచి తేను అన్నాను. ఆయన జాలిగా చూశారు. "ఉంటే మీతో ఎందుకు రాయిస్తాం సార్?"

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఆహార సంస్కృతి వంటవాళ్ళ వల్ల వస్తుందని ఇన్నాళ్ళూ పొరబడ్డాను. వంటవాళ్ళు వండుతారు, అంతే. సంస్కృతి రచయితల వల్లే వస్తుంది. పిండి కొద్దీ రొట్టె అన్నది పాత మాట, మా వైపు ఫాలోయర్ల కొద్దీ రొట్టె.

ఈ రంగంలో మొదటి పాఠం నిజాం. హైదరాబాద్‌లో ఏ వంటకం గురించి రాసినా రెండో పేరాలోపు నిజాం గారు దిగాలి, దిగకపోతే ఆ వ్యాసం చెల్లదు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 నుంచి 1948 దాకా 37 ఏళ్ళు రాజ్యం చేశాడు. యూనివర్సిటీ పెట్టాడు, హైకోర్టు కట్టించాడు, ఆసుపత్రి కట్టించాడు. మావాళ్ళ రాతలు చదివితే అవన్నీ ఒక భోజనానికీ ఇంకో భోజనానికీ మధ్య తీరిక దొరికినప్పుడు చేసిన పనులని తెలుస్తుంది. ఫొటోల్లో చూస్తే బక్కపల్చటి మనిషి. పైసా పైసా లెక్క చూసే పొదుపరి అని లోకమంతా చెప్పుకుంది. అంత పొదుపరి ఇన్ని బిర్యానీలు, ఇన్ని నహారీలు, ఇన్ని మీఠాలు ఎప్పుడు తిన్నాడో, ఎవరి ఖర్చుతో తిన్నాడో ఆ అల్లాకే ఎరుక. ఉస్మానియా బిస్కట్ ఒక్కదానికే రెండు కథలున్నాయి. ఒకదాంట్లో అది ఉస్మానియా ఆసుపత్రిలో రోగుల కోసం పుట్టింది, ఇంకోదాంట్లో నిజాం గారి సాయంత్రం చాయ్ కోసం పుట్టింది. మా క్లబ్ హౌస్ కేఫ్ ఈ తగాదాని పరిష్కరించింది. అక్కడ ఉస్మానియా బిస్కట్ చీజ్‌కేక్ దొరుకుతుంది, దాని కింద "నిజాముల వంటింటి నుంచి" అని రాసుంది. నేను కూడా రాశాను. చరిత్ర అంటే ఏకాభిప్రాయమే కదా.

రెండో పాఠం వయసు. బండి కొత్తదైతే కుదరదు, కనీసం మూడు తరాలు ఉండాలి. మా గేటు ఎదురుగా దోశల బండి పెట్టిన కుర్రాడికి 34 ఏళ్ళు, పిండి రుబ్బించుకొచ్చే వాళ్ళ మామకి 58. రెండూ కలిపితే 92. నేను నిజాయితీపరుణ్ణి కాబట్టి పైనున్న రెండేళ్ళూ తగ్గించి "తొంభై ఏళ్ళ అనుభవం" అని రాశాను. ఆ వ్యాసం చదివి మొదట సంతోషించింది కుర్రాడు, తర్వాత కంగారు పడ్డది కూడా వాడే, ఎందుకంటే దోశ నలభై నుంచి తొంభై చేయమని పక్కవాళ్ళందరూ సలహా ఇచ్చారట. ఏడాదికి రూపాయి లెక్కన అనుకుంటాను.

ఇక యునెస్కో. 2019 అక్టోబర్ చివర్లో యునెస్కో మన నగరాన్ని గ్యాస్ట్రానమీ విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది, అదే విడతలో ముంబైకి సినిమా విభాగం దక్కింది. సినిమా పిచ్చిలో మనల్ని కొట్టేవాళ్ళు లేరని తెలిసి కూడా మనకి తిండి ఇచ్చారంటే మన తిండి ఏ స్థాయిలో ఉండాలి! ఆ పేరు పాతబస్తీలో భట్టీల ముందు చెమట కార్చినవాళ్ళు తెచ్చింది. అయినా మావాళ్ళు కరెంటు తీగ లాగినట్టు దాన్ని ఔటర్ దాకా లాగేశారు. మా దగ్గర అవకాడో దోశ తిన్నవాడు కూడా యునెస్కో గుర్తించిన నగరంలో తిన్నట్టే లెక్క.

హలీమ్ సంగతి చూడండి. 2010లో హైదరాబాదీ హలీమ్‌కి భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశంలో ఒక మాంసాహార వంటకానికి అలా రావడం అదే మొదలు. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులు నగరంలోని బార్కస్ బస్తీలో వండుకున్న హరీస్ నుంచి ఇక్కడి మసాలాలు, నెయ్యి, పప్పులు పట్టి ఇలా తయారైంది. గోధుమా మాంసమూ గంటల తరబడి ఉడుకుతుంటే పెద్ద పెద్ద కట్టె గరిటెలు పట్టుకుని మనుషులు భుజాలు పడిపోయేదాకా దాన్ని మోదుతారు. రంజాన్ నెల మొత్తం ఇదే పని. ఆ తర్వాత మా రచయిత వచ్చి, ఒక చెంచా నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని "నోట్లో వేసుకోగానే కరిగిపోయింది" అని రాస్తాడు. కరగక ఏం చేస్తుందయ్యా! పది గంటలు ఎవరో మోదితే చివరి పదో వంతు సెకను నీ నాలుక చేసింది, పేరు మాత్రం నాలుకకి.

రాసినవాళ్ళ ప్రభావాన్ని తక్కువ అంచనా వేయకూడదు. 2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం పెట్టుకునే ఒకామె గురించి అందరూ వీడియోలు తీశారు. తీసినవాళ్ళని చూసి తినేవాళ్ళు వచ్చారు, తినేవాళ్ళని చూసి ఇంకా తీసేవాళ్ళు వచ్చారు, ట్రాఫిక్ ఆగింది, పోలీసులొచ్చి బండి తీయించారు. చివరికి ముఖ్యమంత్రి కల్పించుకుంటే గానీ ఆమె మళ్ళీ అన్నం వడ్డించుకోలేకపోయింది. ఇందులో ఆమె చేసిన నేరం కూర బాగా వండటం. వీడియోలు తీసినవాళ్ళలో ఎవరి ఫోనూ ఎవరూ తీయించలేదు.

మధ్యలో ఒక్క మాట నా సొంతంగా చెప్పుకుంటాను, సెక్రటరీ గారు దీన్ని ఎలాగూ కొట్టేస్తారు. ఈ నగరంలో నేను మెచ్చే ఫుడ్ రైటర్లు ఫుడ్ సేఫ్టీ అధికారులు. 2024 వేసవిలో వాళ్ళు హోటళ్ళ వంటిళ్ళలోకి వెళ్ళి, చూసింది చూసినట్టు అందరికీ కనిపించేలా పెట్టారు. బొద్దింకలు. గడువు దాటిన పాకెట్లు. మూతల్లేని గిన్నెలు. విశేషణం ఒక్కటి లేదు, అమ్మమ్మ లేదు, నిజాం లేడు. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది, సాహిత్యం చేయాల్సిన పని అదే కదా. అదే ఏడాది అక్టోబర్ 30న పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ని తెలంగాణలో ఏడాదిపాటు నిషేధించారు. దానికి ముందు బయటి తిండి తిని జనం ఆసుపత్రుల పాలయ్యారు, ఒక ప్రాణం పోయింది, నవ్వే సంగతి కాదు. కానీ ఆ వారం మా రచయితలు మండీ పళ్ళెం పక్కన ఖాళీగా మిగిలిన చిన్న గిన్నెని తలుచుకుని రాసిన విరహగీతాలు చదివితే, ఎవరి కోసం ఏడుస్తున్నారో అర్థం కావడానికి కొంత టైం పట్టింది.

సరే, నా వ్యాసానికి వద్దాం. స్థానికం కావాలన్నారు కాబట్టి స్థానిక భోజనం పెట్టే కొత్త రెస్టారెంట్‌కి వెళ్ళాను, మా అమ్మని కూడా తీసుకెళ్ళాను. గోడకి జల్లెడ, చాట, విసుర్రాయి మేకులు కొట్టి తగిలించారు. విసుర్రాయిని గోడకి ఎలా నిలబెట్టారని అమ్మ చాలాసేపు దాని కిందే కూర్చోకుండా నిలబడింది. మెనూలో జొన్నరొట్టె ఉంది, సర్వపిండి ఉంది, పచ్చిపులుసు ఉంది. పచ్చిపులుసు పేరు కింద "చల్లని చింతపండు సూప్" అని ఇంగ్లీషులో రాసి 280 రూపాయలు వేశారు. అమ్మ ధర రెండుసార్లు చదివించుకుంది. "పొయ్యి ముట్టియ్యకుండ చేసేదానికి గన్ని పైసలేందిరా? చింతపండు పిసికి, ఉల్లిగడ్డ ఏసి, నువ్వుల పొడి కలుపుడే గద?" వెయిటర్ కుర్రాడు చాలా మర్యాదగా "ఎక్స్‌పీరియన్స్‌కి అమ్మా" అన్నాడు. "నాకు యాభై ఏండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నది బిడ్డా, మరి నాకెంతిస్తవు?" అని అడిగింది. అతను నవ్వాడు గానీ బిల్లులో మార్పేమీ రాలేదు.

తాగేవాటి గురించి కూడా రాయాలి కదా. మా వైపు మైక్రోబ్రూవరీలు వచ్చాయి, అక్కడ బీరుని గ్లాసులో గుండ్రంగా తిప్పి, వాసన చూసి, "నారింజ తొక్క, తడి మట్టి, కొంచెం పాత పుస్తకం" అని రాసుకునే మనుషులు మా టవర్‌లోనే ముగ్గురున్నారు. వాళ్ళలో ఒకాయన్ని కల్లు గురించి రాశారా అని అడిగితే మొహం చిట్లించి "హైజీన్ ఉండదండీ" అన్నారు. నిజమే, కల్తీ కల్లు మనుషుల్ని మింగింది, దాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. నగరంలో కల్లు దుకాణాలు 2004లో మూతబడి 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. 2023లో నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వమే నీరా, అంటే ఇంకా పులియని కల్లు, అమ్మే కేఫ్ తెరిచింది. అప్పుడు నీరా మీద రాయనివాడు లేడు, ఎందుకంటే అక్కడ పార్కింగ్ ఉంది.

నేను మాత్రం మా వెనక గేటు దాటి, ఇంకా ప్లాట్లు పడని చెలకలో మిగిలిన నాలుగు చెట్ల దగ్గరికి వెళ్ళాను. ఒక గౌడ పెద్దాయన మోకు విప్పుకుంటున్నాడు. ఆయన్ని టేస్టింగ్ నోట్స్ అడిగాను, అంటే ఏ కల్లు ఎలా ఉంటుందో చెప్పమన్నాను. ఆయన చెప్పింది రాసుకోవడానికి నా చెయ్యి సరిపోలేదు. తాటికల్లులో కాలాన్ని బట్టి పోతాడు, పరుపుతాడు, పండుతాడు వేరు, ఈతకల్లు వేరు. ఒకే చెట్టు పొద్దున ఒక రుచి, సాయంత్రం ఒక రుచి. వానపడ్డ రోజు కల్లు మొగోనికి చాలదు. ఏ చెట్టు తీపో, ఏ చెట్టు వగరో చెట్టు చెట్టుకీ చెప్పాడు, వాటిలో సగం ఇప్పుడు లేవు. "పొద్దు పొడవకముందు దించితే నీరా, ఎండెక్కినంక కల్లు, మాపటికి పులుపు. గంతే సారూ. గిండ్ల రాసేదేమున్నది?" తాటి రేక మడిచి పట్టుకోమని నా చేతికిచ్చాడు. నేను ఫోను ఏ చేత్తో పట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డాను, కాబట్టి ఫొటో లేదు.

మీది ఏ బిల్డింగు అని అడిగాడు. చూపించాను. "గా క్లబ్బు కాడ పదకొండు తాళ్ళుండె" అన్నాడు, ఫిర్యాదు చేసినట్టు కాదు, దారి చెప్పినట్టు. ఆయనకి తెలియని విషయం ఏమిటంటే మా టవర్ పేరులో ఇంగ్లీషులో తాటిచెట్టు ఉంది. పక్క వెంచర్ పేరులో ద్రాక్షతోట ఉంది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ నిజంగానే అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఉండేవి, ఇప్పుడు తోట పోయి పేరు మిగిలింది, ద్రాక్షపళ్ళు సూపర్ మార్కెట్లో ఇంకో దేశం స్టిక్కర్ అంటించుకుని కూర్చున్నాయి. మా బిల్డర్లు కూడా ఒక రకం స్థానిక రచయితలే, పీకేసినదాని పేరు పెట్టడంలో వాళ్ళంత శ్రద్ధ మాకు లేదు.

వ్యాసం పంపాను. రెండో రోజు సెక్రటరీ గారి ఫోను.

"చాలా బాగుంది సార్. చిన్న చిన్న కరెక్షన్లు. అమ్మగారి పేరా తీసేద్దాం, ఆ రెస్టారెంట్ వాళ్ళు ఫుల్ పేజీ ఇచ్చారు."

"సరేనండీ."

"ఇన్‌స్పెక్షన్ల పేరా కూడా."

"అది ఊహించాను."

"కల్లు పేరా కూడా వద్దు సార్, ఫ్యామిలీలు చదివేది. పిల్లలుంటారు. పండగపూట తాగుడు గురించి ఎందుకు చెప్పండి."

అదీ నిజమే అన్నాను. మరి ఖాళీ అయిన జాగాలో ఏం పెడదామని అడిగాను. నిజాం గారిని ఇంకో అర పేజీ పెంచమన్నారు, వీలైతే ఆయన్ని ఒకసారి కొల్లూరు తీసుకురమ్మన్నారు, వేటకో దేనికో. పెంచుతున్నాను. ఫోను పెట్టేముందు ఊరికే అడిగాను, వెనక అట్ట ప్రకటన ఎవరికిచ్చారని. మైక్రోబ్రూవరీ వాళ్ళకట. పెద్ద గ్లాసు బొమ్మ, పైన నురగ, సంచిక తీసుకెళ్ళి చూపిస్తే కుటుంబంలో నలుగురికీ పదిహేను శాతం తగ్గింపు.