చదరంగం ప్రోగ్రాముకు నోరెందుకు?

(బాబాయ్ వీధి పిల్లలకు చదరంగం నేర్పుతాడు. రాజా అన్నగారి కొడుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మధ్యలో ల్యాప్‌టాప్, దాంట్లోంచి ప్రతి ఎత్తుకీ వ్యాఖ్యానం చెప్పే చదరంగం ప్రోగ్రాము గొంతు. ఈ4, ఎఫ్3 లాంటివి బల్ల మీది గడుల పేర్లు.)

బాబాయ్: ముందు దాని నోరు మూయించరా. ఎత్తు వేసి చెయ్యి తీశానో లేదో, వ్యాఖ్యానం మొదలు! రచ్చబండ మీద పులిజూదం ఆడేటప్పుడు పక్కన నిలబడి సలహాలిచ్చేవాళ్ళని తరిమేవాళ్ళం. మీరేమో డబ్బిచ్చి మరీ తెచ్చుకుంటున్నారు.

రాజా: మాట లేకపోతే ఎవరిది పైచేయో చెప్పే అంకె ఒక్కటే మిగులుతుంది బాబాయ్. "మైనస్ రెండు" అంటే పదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది? నిన్న చిన్నిది ఆడింది చూశావుగా. బంటు ఈ4, బంటు ఈ5. గుర్రం ఎఫ్3, గుర్రం సి6. బిషప్ సి4. అవతలివాడు గుర్రాన్ని డి4 మీదికి దూకించాడు. ఈ5లో బంటు ఊరికే దొరికిందని ఇది చంపేసింది.

బాబాయ్: మంత్రి జి5కి వచ్చుంటుంది.

రాజా: వచ్చింది. గుర్రం మీద ఓ కన్ను, జి2 బంటు మీద ఓ కన్ను. ఇది ఇంకా ఆశపడి ఎఫ్7 కొట్టింది. మంత్రి జి2 తిన్నది. ఏనుగు ఎఫ్1కి తప్పుకుంది. మంత్రి ఈ4 తిని చెక్, బిషప్ ఈ2లో అడ్డం, గుర్రం ఎఫ్3. ఆటకట్టు! ఏడో ఎత్తుకే. "మంత్రి రెంటినీ కొట్టేలా ఉంది" అని ఒక్క మాట చెవిన పడుంటే?

బాబాయ్: పడుంటే మళ్ళీ అదే తప్పు చేసేది. ఓడి ఏడ్చింది కాబట్టి ఇక జి5 గడి చూడకుండా బంటు ముట్టదు. సరే, రెండు పావుల మీద దాడి అంటే ప్రోగ్రాముకి పట్టుకోవడం తేలికే. నెమ్మదైన ఎత్తు సంగతేంటి? ఏనుగుని ఓ గడి పక్కకి జరిపితే మంచిదంటుంది. ఎందుకో అడుగు! స్టాక్‌ఫిష్ లాంటి చదరంగం ప్రోగ్రాములు లక్షల స్థితులు తిరగేసి ఒక అంకె తెస్తాయి. ఆ అంకెకి ఎవరో ముందే రాసిపెట్టుకున్న వాక్యం తొడుగుతారు. "స్థానం మెరుగుపడింది" అనేది ఆ తొడుగే. అంకెకి పంచె కట్టినట్టు.

రాజా: చెస్‌మాస్టర్ ప్రోగ్రాములో చదరంగం ఆటగాడు జాష్ వైట్జ్‌కిన్ తన గొంతుతోనే పాఠాలు చెప్పాడు కదా?

బాబాయ్: అది మనిషి మాటరా. ఆట పక్కన పెట్టి, తీరిగ్గా విన్నాం. నా తగువు ఆట నడుమ దూరే గొంతుతో. ఫ్రిట్జ్ ప్రోగ్రాము అయితే ఏకంగా వెక్కిరించేది!

రాజా: (నవ్వి) ఆ వెక్కిరింతలు నేనూ ఆపేసేవాణ్ణి. కానీ గొంతు పుట్టిన చోటు వేరు. 1979లో ఫిడెలిటీ కంపెనీ వాళ్ళ చదరంగం యంత్రం ఎత్తులు పైకి పలికింది. అందులోని మాటల చిప్పు అంతకుముందు చూపులేనివాళ్ళ కాలిక్యులేటరు కోసం చేసింది.

బాబాయ్: దానికి అడ్డు చెప్పను. అంధుల టోర్నమెంటులో చూశాను. నల్లగళ్ళు కాస్త ఎత్తుగా ఉంటాయి, నల్లపావుల నెత్తిన చిన్న మేకు, వేళ్ళతో తడుముతూ ఆడతారు. ఎత్తు వేస్తే పైకి చెప్పి తీరాలి. బి, సి, డి చెవికి ఒక్కలాగే వినబడతాయని బెల్లా, సీజర్, డేవిడ్ అంటారు. ఆ గొంతు ఏం జరిగిందో చెబుతుంది. బాగుందో లేదో చెప్పదు. అంతవరకే కావాలి నాకు.

రాజా: అయితే ఆ పద్ధతిలోనే ఆడదాం. వ్యాఖ్యానం తీసేస్తున్నా, ల్యాప్‌టాప్ తెర కూడా ఆర్పేస్తున్నా. ఎత్తులు మాత్రం పలుకుతుంది.

బాబాయ్: రానీ. ఈ4.

(తొమ్మిదో ఎత్తు. బాబాయ్ కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కబెడుతున్నాడు.)

బాబాయ్: ఒరేయ్... నా రెండో బిషప్ ఎక్కడుంది?

రాజా: చెప్పొచ్చా? నడుమ దూరినట్టవుతుందేమో!