తిలాపాపం, తలా ఒక జిల్లా

అమెరికా విద్యా చరిత్రను పాఠ్యాంశంగా చదువుకుంటున్న విద్యార్థిగా నాకు పాతకాలపు వివక్షాపరుల మీద ఎనలేని జాలి కలుగుతోంది. వారి దగ్గర ఉద్దేశానికి లోటు లేదు గానీ పనితనం లేదు. 1740లో, అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న సౌత్ కరోలినాలో, బానిసలకు రాత నేర్పరాదని చట్టం చేసి, నేర్పినవారికి నూరు పౌండ్ల జరిమానా పెట్టారు. బానిస చేతిలో రాత ప్రమాదకరమని ఆ పెద్దలు సరిగ్గానే గ్రహించారు. తాము రాసిపెట్టిందే రేపు తమ మీద సాక్ష్యమవుతుందని మాత్రం వారికి తోచలేదు.

తరువాతి తరాల వారూ ఇదే మొరటుతనంతో చాలాకాలం నెట్టుకొచ్చారు. నల్లవారినీ తెల్లవారినీ వేరువేరుగా ఉంచినా సమానంగానే చూస్తున్నట్టని 1896లో సుప్రీంకోర్టు రైలు పెట్టెల గురించి సెలవిస్తే, ఆ సూత్రాన్ని బడులకు కూడా తగిలించి ఐదు దశాబ్దాలకు పైగా నడిపించారు. 1954లో అదే కోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఆ సూత్రం బడులకు చెల్లదన్నారు. మరుసటి ఏడాది, తీర్పును ఆచితూచిన వేగంతో అమలు చేయమన్నారు. ఆచితూచడంలో రాష్ట్రాలు ఏ లోటూ చేయలేదు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ మరీ నిక్కచ్చిగా వ్యవహరించి, తెల్లపిల్లలనూ నల్లపిల్లలనూ కలిపి కూర్చోబెట్టవలసి వస్తుందని 1959లో ప్రభుత్వ బడులన్నిటినీ మూసివేసింది. తెల్లపిల్లల కోసం ప్రైవేటు బడి వెలిసింది, దానికి కొంతకాలం ప్రజాధనం నుంచి గ్రాంటులూ అందాయి. 1964లో కోర్టు అడ్డుపడేదాకా ఆ కౌంటీ ప్రభుత్వ బడుల్లో వర్ణవివక్ష మచ్చుకైనా కనబడలేదని, బడులే లేవు కనుక, నిష్పాక్షికంగా ఒప్పుకోవాలి.

ఇంత హడావుడి అవసరమే లేదని, ఆస్తిపన్ను ఒక్కటి చాలునని లోకానికి తేటతెల్లం చేసిన ఘనత టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరానిది. అమెరికాలో ప్రభుత్వ బడి ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది. బడులను నడిపేందుకు గీసుకున్న ప్రాంతాన్ని అక్కడ పాఠశాల జిల్లా అంటారు; ఏ జిల్లా పన్ను చాలావరకు ఆ జిల్లా బడులకే. వినడానికి ఇంతకన్నా న్యాయమైన మాట ఉంటుందా? ఆ నగరంలోని ఎడ్జ్‌వుడ్ అనే పాఠశాల జిల్లాలో చదివేవారిలో నూటికి తొంభైమంది మెక్సికన్ సంతతి పిల్లలు. 1967-68 విద్యాసంవత్సరంలో అక్కడి తల్లిదండ్రులు ప్రతి వంద డాలర్ల ఆస్తి విలువకూ 1.05 డాలర్ల పన్ను కట్టారు. రాష్ట్ర పథకానికి చెల్లించవలసిన వాటా పోగా ఆ పన్నులో పిల్లవాడికి తలా 26 డాలర్లు మిగిలాయి. అదే నగరంలో, తెల్లవారు ఎక్కువగా ఉండే సంపన్న ఆలమో హైట్స్ జిల్లా వారు వందకు 85 సెంట్లు మాత్రమే కట్టారు; వారి పిల్లలకు తలా 333 డాలర్లు మిగిలాయి. ఎక్కువ రేటున కట్టినవాడికి తక్కువ, తక్కువ రేటున కట్టినవాడికి పన్నెండు రెట్లకు పైగా ఎక్కువ. ఎవరైనా లెక్కల మాస్టారు పరీక్షలో ఈ లెక్క ఇస్తే అచ్చుతప్పనుకుని వదిలేస్తాం.

చదువు విలువ మరీ ఎక్కువగా తెలిసిన ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వారిలో ఒకరైన డెమెట్రియో రోడ్రిగ్జ్ పేరుతో నడిచిన ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1973లో 5-4 తేడాతో ఓడిపోయింది. విద్య దేశ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, ఈ పన్ను పద్ధతి రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చారు. ఆ పన్ను సూత్రాన్ని భూతద్దం పెట్టి వెతికినా అందులో ఒంటిరంగు ప్రస్తావన ఉండదు. ఒంటిరంగు పని అంతకు ముందే, 1930లలోనే, కేంద్ర ప్రభుత్వపు గృహరుణ సంస్థ తన పటాలలో పూర్తిచేసి పెట్టింది: నల్లవారు ఉండే పేటలకు అప్పివ్వడం ప్రమాదకరమని అందులో ఎర్రరంగు పూశారు. అప్పు పుట్టని పేటలో ఇళ్ల విలువ పెరగదు, విలువ పెరగనిచోట బడికి పన్నూ రాదు. పటం గీసినవాడికి బడితో సంబంధం లేదు, అప్పు నిరాకరించిన బ్యాంకుకు పిల్లలతో సంబంధం లేదు, పన్ను వసూలు చేసే గుమాస్తాకు పటంతో సంబంధం లేదు. డెట్రాయిట్ నగరపు బడులలో నల్లపిల్లలే మిగిలిపోతున్నారు, చుట్టుపక్కల శివారు జిల్లాలను కూడా కలిపి పిల్లలను సర్దుదామంటే, ఆ శివారు జిల్లాలు చేసిన తప్పేదీ రుజువు కాలేదు కనుక వాటి గీత దాటరాదని 1974లో కోర్టు మళ్లీ 5-4 తేడాతో చెప్పింది. తిలాపాపం తలా పిడికెడు అన్న మన సామెతలో పంచుకునేవారికి కనీసం పిడికెడైనా దక్కుతుంది. ఇక్కడ అదీ లేదు.

ఇక భాష సంగతి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టు, స్పానిష్ ఎవరి నోట పలుకుతుందన్న దాన్ని బట్టి దాని విలువ మారుతుంది. మంచి పేటలో ఇంగ్లీషు ఇంట పుట్టిన పాప ఐదేళ్లకు నాలుగు స్పానిష్ పాటలు పాడితే ఆమె మెదడు వికాసం గురించి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు, అటువంటి బడిలో సీటు కోసం పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తారు. స్పానిష్ ఇంట పుట్టిన పిల్లవాడు అదే వయసులో అదే భాషలో కథలు చెప్పగలిగితే, అతనికి ఏది రాదో నమోదు చేయడానికి ఒక దరఖాస్తు ఫారం సిద్ధంగా ఉంటుంది.

కాలిఫోర్నియా ఈ విద్యలో మిగతా రాష్ట్రాలకు గురువు. 1998లో అక్కడి ఓటర్లు, ఇంగ్లీషు రాని పిల్లలకు సైతం ప్రధానంగా ఇంగ్లీషులోనే బోధించాలని, ద్విభాషా బోధన కావాలంటే తల్లిదండ్రులు ప్రత్యేక మినహాయింపు అడుక్కోవాలని చట్టం చేశారు. ఆ చట్టం అమలులో ఉండగానే, 2011లో, రెండు భాషలలో ప్రావీణ్యం చూపి హైస్కూలు పూర్తిచేసిన వారి పట్టాపై గౌరవ ముద్ర వేయాలని అదే రాష్ట్రం దేశంలో అందరికన్నా ముందు నిర్ణయించింది. ఐదేళ్ల వయసులో పిల్లవాడి నోటినుంచి తీసేసిన భాషను పద్దెనిమిదేళ్లకు తిరిగి తెచ్చుకుంటే సన్మానం చేస్తామన్నమాట. పాత చట్టాన్ని 2016లో ఓటర్లే రద్దు చేశారు. ఈ పద్దెనిమిదేళ్లలో బడి దాటిపోయిన పిల్లల మాట ఆ బ్యాలెట్టు పత్రంలో లేదు.

తల్లిదండ్రుల సమావేశాలలో తరచూ కనిపించే దృశ్యం ఒకటి చెబుతాను. దుబాసీని ఏర్పాటు చేయవలసిన బాధ్యత బడిదే అయినా, ఆ రోజుకు ఎవరూ దొరకరు గనుక పదేళ్ల పిల్లవాడే ఆ పనికి కుదురుకుంటాడు. టీచరమ్మ ఇంగ్లీషులో, “మీవాడికి భాష మీద పట్టు లేదు, విన్నది సరిగ్గా అర్థం చేసుకోలేకపోతున్నాడు” అంటుంది. వాడు ఆ మాటను పొల్లుపోకుండా, టీచరమ్మ మర్యాద చెడకుండా, అమ్మ మనసు మరీ నొప్పించకుండా స్పానిష్‌లోకి మార్చి అప్పజెబుతాడు. అమ్మ అడిగిన ప్రశ్నను మళ్లీ ఇంగ్లీషులో టీచరమ్మకు చేరవేస్తాడు. టీచరమ్మ అతని మార్కుల కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేస్తుంది.

ఇంటి భాష ఎంత పనికిరానిదైనా, దేశానికి యుద్ధం వస్తే మాత్రం పరిస్థితి మారుతుందని అంగీకరించాలి. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో మొదలైన పద్ధతిలో, మూలవాసుల పిల్లలను ఇళ్లకు దూరంగా వసతి బడులలో ఉంచి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. 1942లో అమెరికా సాయుధ దళాలలో ఒక విభాగమైన మెరీన్లకు, జపాన్ సైన్యం ఛేదించలేని రహస్య సంకేతం కావలసి వచ్చినప్పుడు, ఆ బడులలో నోళ్లు మూయించిన నవాహో భాషే దొరికింది. మొదట చేరిన 29 మందిలో అప్పటికి బతికి ఉన్నవారికి 2001లో బంగారు పతకాలిచ్చారు. ఒకే భాషకు ఒకే మనిషి బెత్తం దెబ్బా పతకమూ రెండూ అందుకోగల అవకాశం అన్ని విద్యావిధానాలూ కల్పించలేవు.

ఒకే పుస్తకం, ఒకే పంతులు, ఒకే పాఠం ఇచ్చినంత మాత్రాన, ఆ భాష అర్థం కాని పిల్లలకు అది సమానత్వం కాదని శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి పిల్లల కేసులో 1974లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అన్న మాట నిజమే. అయితే దానికి విరుగుడుగా ఫలానా పద్ధతిలో బోధించమని కోర్టు నిర్దేశించలేదు కనుక, వ్యవస్థకు పెద్దగా ఇబ్బంది కలగలేదు.

అందువల్ల విద్యాశాఖ పెద్దలకు ఒక చిన్న మనవి. పరీక్షల పేరిట ఏటా ఇంత డబ్బూ, ఇంత కాగితమూ, పిల్లల నిద్రా ఎందుకు ఖర్చు చేయాలి? ఆస్తిపన్ను రిజిస్టరు తెరిచి, ఇంటి విలువకు ఎదురుగా మార్కులు వేసుకుంటూ పోతే, ఒకరిద్దరు తేడా చేసినా మొత్తం మీద ఫలితాలు పెద్దగా మారవు. ఇలా ఆదా అయిన సొమ్మును ఏ జిల్లాకు ఎంత పంచాలన్న పేచీ కూడా ఉండదు. ఎడ్జ్‌వుడ్, ఆలమో హైట్స్ లెక్క సిద్ధంగానే ఉంది.