కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకునే పిల్లాడిది మొండితనం కాదు

శబ్దం, స్పర్శ, వాసన లాంటివి మామూలుకంటే ఎక్కువగా బాధపెట్టడాన్ని సెన్సరీ సమస్య అంటారు. అది డబ్బున్నవాళ్ల పిల్లలకొచ్చే సుకుమారం అనే మాట ఇక ఆపాలి. కుక్కర్ విజిల్‌కి హడలిపోయే పిల్లాడు పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉంటే థెరపీకి వెళ్తాడు. ఒంటిగది అద్దింట్లో ఉంటే పెంకివాడని దెబ్బలు తింటాడు.

పేదరికమే ఈ సున్నితత్వాన్ని పుట్టిస్తుందని అనడం లేదు. కానీ దాన్ని భరించలేనంత చేస్తుంది. శబ్దం పడని పిల్లాడికి ముందు కావాల్సింది తప్పుకోవడానికి ఓ చోటు. ఒకే గదిలో టీవీ, మిక్సీ, గోడవతల బోరు మోటారు, వీధిలో డీజే ఉంటే వాడెక్కడికి పోతాడు? నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. మెయిన్‌రోడ్డు పక్క బస్తీలో వాటిని పట్టించుకునేదెవరు? రాత్రి నిద్ర చాలకపోతే పొద్దున యూనిఫాం కాలరు కూడా ముల్లై గుచ్చుతుంది. పైగా రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. ఐరన్ తక్కువైతే చిరాకు, కలత నిద్ర ఉంటాయి. అందుకే హిమోగ్లోబిన్, చెవిలో చీము చూడకుండా సెన్సరీ ముద్ర వేయకండి.

ఇక ఈ సమస్యను గుర్తించడానికి తల్లిదండ్రులతో నింపించే ప్రశ్నాపత్రాల సంగతి. అమెరికా థెరపిస్టు విన్నీ డన్ 1999లో తెచ్చిన 'సెన్సరీ ప్రొఫైల్' అనే ప్రశ్నాపత్రంలో పెద్ద శబ్దాలకిచ్చిన ఉదాహరణల్లో వాక్యూమ్ క్లీనరు, హెయిర్ డ్రైయరు ఉన్నాయి. అవి లేని ఇంటి తల్లి 'ఎప్పుడూ లేదు' అని టిక్ పెడితే స్కోరు మామూలుగానే వస్తుంది, పిల్లాడి బాధ కాగితానికి ఎక్కదు. మన దగ్గర అడగాల్సినవి వేరు: తలంటేటప్పుడు ఏం చేస్తాడు? సాంబ్రాణి పొగకి? గుండు చేయిస్తుంటే? పప్పన్నం మెత్తగా కలిపితే కక్కుతాడా? నాలుగిళ్లలో పనిచేసే తల్లికి పగలు పిల్లాణ్ణి చూసే తీరికే ఉండదు. నాయనమ్మనీ, అంగన్‌వాడీ టీచర్నీ కూడా అడగాలి.

పైసా ఖర్చులేకుండా చేయగలిగేవి చాలా ఉన్నాయి. కొత్త యూనిఫాం మూడుసార్లు ఉతికి, లేబుల్ కత్తిరించి తొడగండి, లోపలి బనియన్ తిరగేసి వేయండి. వేళ్లతో తేలిగ్గా నిమిరితే కొందరికి ఒళ్లు జలదరిస్తుంది, నిండు అరచేత్తో భుజం నుంచి కిందికి మెత్తగా అదమండి. తలంటేటప్పుడు నుదుటికి చెయ్యి అడ్డంపెట్టి, పది లెక్కపెడతానని చెప్పి పదికే ఆపండి. పన్నెండుకి వెళ్తే రేపు నమ్మడు. బడికి ముందు పది నిమిషాలు చపాతీ పిండి పిసకడం, లీటరు నీళ్ల సీసాలు మోయడం, గోడ నెట్టడం చేయించండి. చీర ఉయ్యాల ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఊపితే సర్దుకుంటాడు, గిర్రున తిప్పితే రెచ్చిపోతాడు. మెడకు చుట్టుకోకుండా పెద్దవాళ్లెవరో పక్కనే ఉండాలి.

విజిల్ రాకముందే చెప్పి గుమ్మం బయట నిలబెట్టండి, తనంతట తాను దగ్గరికొచ్చేదాకా ఆగండి. 'అలవాటు పడతాడులే' అని స్టవ్ దగ్గరే పట్టుకుంటే, మర్నాడు స్టవ్ వెలిగించగానే ఏడుపు మొదలవుతుంది. మళ్లీమళ్లీ కనిపించే తప్పు ఇదే.

పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఎప్పుడొస్తారో టీచర్ని అడగండి. అవసరమైతే జిల్లాలోని పిల్లల సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు, అక్కడ ఖర్చుండదు. వెళ్లేముందు వారం రోజులు రాసిపెట్టండి: ఏ శబ్దం, ఎన్ని గంటలకు, ఏం చేశాడు, ఊరుకోవడానికి ఎంతసేపు పట్టింది.