పికప్ లేని పికప్పు

బండి పేరే పికప్పు. దానికి పికప్ లేదు. పేరుకీ పనికీ సంబంధం లేనివి మన చుట్టూ చాలానే ఉన్నాయి కాబట్టి మొదటి వారం రోజులు నేనూ పట్టించుకోలేదు.

మాది 2009 మోడల్ డీజిల్ బండి. మదనపల్లె నుంచి తిరుపతికి టమాటా, తిరుగు ప్రయాణంలో కిరాణా సరుకు. నేనే ఓనరు, నేనే డ్రైవరు, ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజున నేనే ముద్దాయి. టమాటా క్రేట్లతో భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు బండి బంగారం. అదే ఘాట్‌ని టన్ను పైగా సరుకుతో ఎక్కేటప్పుడు మాత్రం మూడో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దిగజారిపోయి, వెనకాల బస్సు డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా మా వంశాన్ని తలుచుకుంటుంటే, రోడ్డు పక్కన మేకలు నన్ను దాటి వెళ్లి, మలుపులో ఆగి జాలిగా చూసేవి.

సరే, విచారణ మొదలుపెట్టాను. మొదటి రోజే ఒక శాస్త్రీయ సత్యం బయటపడింది. బండికి ఏం జబ్బు అన్నది బండిలో ఉండదు, బండిని ఎవరి షాపు ముందు ఆపామన్నదాన్లో ఉంటుంది. ఇంజిన్‌కి డీజిల్ అందించే పంపులు బాగుచేసే షాపాయన బానెట్ ఎత్తకుండానే పంపు అన్నాడు. క్లచ్ ప్లేట్లు అమ్మేవాడికి క్లచ్ వాసన వచ్చింది. పంక్చర్లు వేసే కుర్రాడు గాలి అన్నాడు, వాడి నిజాయితీకి ముచ్చటేసి పది రూపాయలు ఎక్కువిచ్చాను. టీ కొట్టు దగ్గర రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన, మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది కదా, పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్‌కి ఆయాసం అన్నాడు. మరి ఇదే బండి పోయినేడాది ఇదే కొండని పాటలు పెట్టుకుని ఎక్కింది కదా మాస్టారూ అంటే, పోయినేడాది నువ్వూ ఎక్కేవాడివి ఆయాసం లేకుండా, ఇప్పుడు ఎక్కు చూద్దాం అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ దిష్టి అని తేల్చి బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. మొత్తం విచారణలో తక్కువ ఖర్చుతో తేలిన రిపోర్టు అదొక్కటే.

ఆ తర్వాత వరసగా మార్చాం. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, డీజిల్ చిమ్మే నాజిళ్లు టెస్టింగ్‌కి, పంపు కాలిబ్రేషన్‌కి, అంటే కొలత సరిచేయడానికి. ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో హోస్ పైపు పగిలిందేమోనని సబ్బు నురగ పూసి చూశారు, బుడగ రాలేదు. క్లచ్ సంగతి తేల్చడానికి హ్యాండ్ బ్రేక్ లాగి, నాలుగో గేరులో క్లచ్ వదిలారు. జారే క్లచ్ అయితే ఇంజిన్ అలాగే తిరుగుతూ ఉంటుందట, మాది టక్కున ఆగిపోయింది. అంటే క్లచ్ బాగున్నట్టు. అయినా ఎందుకైనా మంచిదని ప్లేటు మార్చారు. ఈ 'ఎందుకైనా మంచిది' అన్న మాటకి నాకు మొత్తం 38,000 అయింది. ఎవరికి మంచిదో ఎవరూ చెప్పలేదు.

ఈ ఇంజిన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో దాదాపు 20 హార్స్‌పవర్ ఇంజిన్ నడిపి చూపించాడు. 1913లో ఇంగ్లండ్ వెళ్తూ ఓడలోంచి రాత్రికి రాత్రి మాయమైపోయాడు. ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ ఓడలో ఎవరో మెకానిక్ తగిలి "సామీ, ఇంజిన్ దించాలి" అనుంటాడని నా గట్టి అనుమానం.

అసలైన ప్రశ్న అడిగింది ఒక్కడే, పీలేరు దగ్గర చెట్టు కింద షెడ్డు వేసుకున్న ముసలి మెకానిక్.

"పొగ ఏ రంగు సామీ?"

నల్లపొగ అయితే డీజిల్ ఎక్కువై గాలి చాలనట్టు, నీలం అయితే ఇంజిన్ ఆయిలు తాగేస్తున్నట్టు, తెల్లది అయితే డీజిల్ కాలకుండానే వచ్చేస్తున్నట్టు, లేదా నీళ్లు లోపలికి దిగుతున్నట్టు. నా బండికి ఘాట్‌లో కూడా ఏ పొగా లేదన్నాను. "అయితే ఇంజిన్ నిక్షేపంలా ఉందన్నా" అని, బానెట్ ఎత్తి పంపు దగ్గర లివర్‌ని చేత్తో లాగాడు. బండి పులిలా గర్జించింది. అంతకుముందు చూసిన వాళ్లందరూ అలా చేత్తో లాగే చూశారు, అందరి చేతుల్లోనూ గర్జించింది. నేను సీట్లో కూర్చుంటేనే పిల్లి అయ్యేది. పెళ్లయినవాణ్ని కాబట్టి దీన్లో నాకు వింతేమీ కనబడలేదు.

పస్తులున్నవాడికి అజీర్తి రాదని అప్పుడు ఎవరికీ తట్టలేదు. డీజిల్ ఇంజిన్లో కాలు నొక్కితే పెరిగేది గాలి కాదు, డీజిల్. అది సరిగ్గా అందకపోతే శక్తీ ఉండదు, నల్లపొగా ఉండదు.

మొన్న ఆదివారం బండి కడిగాను. డ్రైవర్ సీటు ముందు మ్యాటు తీసి గోడ మీద ఆరేశాను. రేణిగుంట రోడ్డు మీద 450కి బేరమాడి కొన్న మ్యాటు, పరుపులా మందంగా ఉంటుంది, పాదానికి అదొక సుఖం. సోమవారం అది ఎక్కడం మర్చిపోయింది, నేను ఎక్కాను. ఘాట్‌లో మూడో గేరు దించాల్సిన మలుపులో దించకుండా పోతున్నాను. మేకలు వెనకబడ్డాయి. బండి పక్కకి ఆపి, కిందకి వంగి చూశాను. యాక్సిలరేటర్ ఉత్త రేకు దాకా దిగుతోంది. మ్యాటు ఉన్నప్పుడు మూడు వేళ్ల మందం ముందే ఆగిపోయేది, నా కాలికేమో పూర్తిగా నొక్కేశానన్న తృప్తి ఉండేది.

బుద్ధి ఉన్నవాడు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోడు. నేను మాత్రం అందరికీ ఫోన్ చేసి బండి బాగైందన్నాను, అంతే, ఎలా అన్నది చెప్పలేదు. పంపాయన "సెట్ కావడానికి టైం పడుతుందని చెప్పలేదా అన్నా" అన్నాడు. క్లచ్ ఆయన "కొత్త ప్లేటు కదా" అన్నాడు. మాస్టారు వాతావరణం మారిందన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు, నిమ్మకాయలు మార్చింది.

మ్యాటుని పారెయ్యబుద్ధి కాక ఇంటి గుమ్మం లోపల వేశాం. అప్పట్నుంచి తలుపు సగమే తెరుచుకుంటోంది. కార్పెంటర్‌కి ఫోన్ చేస్తే, చూడకుండానే, ద్వారబంధం మొత్తం మార్చాలన్నాడు.